ఆగిపోయే ముందు ఏం చేయాలో టవర్‌కు నేర్పండి

ప్రశ్న: “మా అమ్మాయి కాకినాడలో ఎంటెక్ చదువుతోంది. ప్రాజెక్టుకు 6జీ, కృత్రిమ మేధ కలిసిన నెట్‌వర్క్‌లు అనే అంశం తీసుకుంటానంటోంది. ఈ పరిశోధన మన పల్లెలకు ఎప్పటికైనా పనికొస్తుందా, లేక పట్నం వాళ్ల ముచ్చటేనా?”

జవాబు:

తీసుకోమనండి. అయితే మొదటి స్లయిడులో కనిపించే బొమ్మను మాత్రం నమ్మవద్దని చెప్పండి. ఆ బొమ్మ నాకు బాగా తెలుసు. అద్దాల మేడలు, వాటి మీద డ్రోన్లు, గాలిలో నిలబడిన మనిషి రూపం, చుట్టూ నీలం గీతలు. 5జీ తర్వాత రాబోయే 6జీ గురించి ఏ ఉపన్యాసం విన్నా అదే బొమ్మ. అందులో ఒక్క కొబ్బరి చెట్టు ఉండదు, కరెంటు పోయిన ఊరు అసలే ఉండదు. నేను కోనసీమలోనూ నరసాపురం వైపూ చాలా ఏళ్లు సెల్ టవర్ల నిర్వహణ చూసినవాణ్ని. బ్యాటరీలు ఎత్తుకుపోయిన దొంగల కోసం పోలీసు స్టేషన్ మెట్లెక్కాను. స్థలం అద్దె దగ్గర అన్నదమ్ములు పేచీ పడి టవర్ గేటుకు తాళం వేస్తే పంచాయితీ చేశాను. కాబట్టి నా మాటలో కొంచెం కారం ఉంటుంది.

మా బావమరిదికి అంతర్వేది వైపు వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఒక కంపెనీ కుర్రాళ్లు వచ్చి చెరువులో ఒక పరికరం దించారు. అది నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను నిమిషనిమిషానికీ కొలిచి ఎక్కడో ఉన్న సర్వరుకు పంపుతుంది. అక్కడ కృత్రిమ మేధ లెక్క కట్టి, ఆక్సిజన్ పడిపోబోతుంటే ముందుగానే ఫోనుకు కబురు పంపుతుంది. అబద్ధమెందుకు, బాగానే చెప్పేది. మా వాడు రాత్రిళ్లు చెరువు దగ్గరికి వెళ్లడం మానేసి ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టాడు.

ఒక అక్టోబరులో వాయుగుండం పట్టింది. రోజుల తరబడి ఎండ లేదు. రొయ్యల రైతులకు ఇది చెప్పనక్కర్లేదు: ఎండ లేకపోతే నీటిలోని ప్లాంక్టన్ (తేలియాడే సన్నటి నాచు) పగలు ఆక్సిజన్ సరిగ్గా తయారు చేయదు, రాత్రయితే రొయ్యలతో పోటీపడి తానూ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో ఏమీ మిగలదు. కరెంటు సాయంత్రమే పోయింది. చెరువుల మీద నీటిలో గాలి కలిపే ఏరేటర్లు జనరేటర్‌తో తిరుగుతున్నాయి. ఊరి టవర్ కూడా డీజిల్ మీదే నడుస్తోంది. నేను తెప్పించిన డీజిల్ డ్రమ్ములేమో నరసాపురం రేవులో నిలిచిపోయాయి, గాలికి వశిష్ఠ గోదావరి మీద మనుషుల్నీ బళ్లనూ దాటించే పంటు ఆపేశారు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిప్పి పంపుదామంటే దారికి అడ్డంగా కొబ్బరి చెట్లు పడ్డాయి. అర్ధరాత్రి దాటాక టవర్‌లో డీజిల్ అయిపోయింది, ఆ తర్వాత బ్యాటరీ కూడా దిగిపోయింది. దాని డిష్ నుంచి సంకేతాలు అందుకునే అవతలి టవర్లూ దానితో పాటే మూగబోయాయి.

తెల్లవారబోతుండగా చెరువు దగ్గర జనరేటర్ బెల్టు తెగింది. ఏరేటర్లు ఆగాయి. పరికరం మాత్రం తన చిన్న బ్యాటరీతో ఆక్సిజన్ పడిపోవడాన్ని శ్రద్ధగా కొలుస్తూనే ఉంది, పంపుతూనే ఉంది. అవతల అందుకునేందుకు టవర్ లేదు. షెడ్డులో పడుకున్న కాపలా పెద్దాయనకు ఏరేటర్ల చప్పుడు ఆగేసరికి మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే రొయ్యలు తేలుతున్నాయి. ఫోను చేయబోతే సిగ్నల్ లేదు. బురద గట్టు మీద చీకట్లో పడుతూ లేస్తూ వెళ్లి పక్క చెరువు వాళ్లను లేపి, వాళ్ల జనరేటర్ నుంచి వైరు లాగించాడు. సగం సరుకు దక్కింది. మర్నాడు టవర్ లేచాక మా వాడి ఫోనుకు హెచ్చరికలు ఒకదాని వెనుక ఒకటి దిగాయి. ఆ ఫోను నా ముఖం ముందు పెట్టి, “బావా, రాత్రంతా మీ టవర్ ఏం చేసినట్టు?” అన్నాడు.

నాకూ ఆ ప్రశ్న వదల్లేదు. ఆపరేటర్ తరఫున రేడియో పరికరాలు చూసే కుర్రాడిని బతిమాలి ఆ రాత్రి లెక్కలు తీయించాను. చివరి నిమిషం దాకా టవర్ తన బ్యాండ్లన్నీ, అంటే తాను వాడే రేడియో తరంగాల శ్రేణులన్నీ, వెలిగించుకునే ఉంది. ఆ చివరి గంటలో దాని మీద నడిచినదంతా దాదాపు వీడియోనే. ఊళ్లో జనం చీకట్లో కూర్చుని తుపాను వీడియోలు చూస్తున్నారు! ఒక ఎస్‌ఎంఎస్ అంటే 140 బైట్లు, తెలుగులో రాస్తే 70 అక్షరాలు. వేల మందికి ప్రమాద హెచ్చరిక పంపడానికి సరిపోయే బ్యాటరీ ఆ వీడియోలకు కరిగిపోయింది.

ఇదీ నేను మీ అమ్మాయికి చెప్పదలచుకున్నది. నెట్‌వర్క్ ఎంత వేగంగా ఉరుకుతుందన్నది నాకు అక్కర్లేదు. తన ప్రాణం పోతున్నప్పుడు వేటిని ముందు వదిలేస్తుంది, దేన్ని చివరిదాకా పట్టుకుంటుంది? దాని తెలివికి పరీక్ష అక్కడే ఉంది. ఇది అసాధ్యం ఏమీ కాదు. మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే 3జీపీపీ అనే అంతర్జాతీయ సంస్థ తన ప్రమాణాల 17వ విడుదలలోనే రేడియో నెట్‌వర్క్‌లో కృత్రిమ మేధను మూడు పనులకు అధ్యయనం చేసింది: కరెంటు ఆదా, టవర్ల మధ్య భారం పంచడం, కదిలే ఫోన్లను ఒక టవర్ నుంచి మరో టవర్‌కు అప్పగించడం. రద్దీ తగ్గినప్పుడు కొన్ని బ్యాండ్లను నిద్రపుచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. కాకపోతే దాన్ని ప్రశాంతమైన రాత్రి కరెంటు బిల్లు తగ్గించడానికి వాడతారు. అదే మీటను తుపాను రాత్రికి ఎందుకు తిప్పరు? డీజిల్ ఎంత మిగిలింది, పంటు నడుస్తోందా, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎన్నో వరద ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, ఇవన్నీ టవర్‌కు తెలిస్తే సాయంత్రమే వీడియోకు కళ్లెం వేసి, ఒక్క తక్కువ పౌనఃపున్యం బ్యాండ్ మీద తెల్లవారేదాకా బతికేది. విపత్తు వేళ ఒక కంపెనీ టవర్ ఆగితే ఫోన్లు మరో కంపెనీ టవర్ పట్టుకునే రోమింగ్ ఏర్పాటు మన దేశంలో ఉంది. కానీ అన్ని కంపెనీల పరికరాలూ ఒకే ఇనుప స్తంభానికి, ఒకే డీజిల్ ట్యాంకుకు వేలాడుతుంటే పట్టుకోవడానికి ఏముంటుంది?

ఇక కొబ్బరి చెట్ల సంగతి. 700 మెగాహెర్ట్జ్ తరంగం తోటలోంచి ఎలాగో ఈదుకుంటూ పోతుంది. 6జీ కోసం ఇప్పుడు పరిశీలిస్తున్న వాటిలో 7 గిగాహెర్ట్జ్ పైబడిన బ్యాండ్లున్నాయి, అంటే పది రెట్లు ఎక్కువ పౌనఃపున్యం. ఆకుల్లో నష్టం పౌనఃపున్యంతో పాటు పెరుగుతుంది, తడి ఆకులైతే మరీ ఎక్కువ. రేడియో తరంగాలను కృత్రిమ మేధతో నడిపే పరిశోధనలో పెద్ద తలనొప్పి కూడా ఇదే: ఒక చోటి కొలతలతో నేర్పిన నమూనా మరో చోట తడబడుతుంది. నగరంలో నేర్చిన నమూనాను వర్షాకాలంలో రాజోలు తెచ్చి పెడితే ఒక్క పూటలో దాని బడాయి దిగుతుంది, పందెం!

పల్లె అవసరాలు ప్రపంచ ప్రమాణాల్లోకి ఎక్కవని నిరాశపడేవాళ్లకు ఒక మాట. 5జీ అప్పుడు మన దేశం పట్టుబట్టి, టవర్‌కూ టవర్‌కూ 6 కిలోమీటర్ల దూరం ఉండే గ్రామీణ పరీక్షను అంతర్జాతీయ టెలికం సమాఖ్య చేత ఒప్పించింది. ఫోను నుంచి టవర్‌కు వెళ్లే సంకేతం మరింత దూరం చేరే పద్ధతి మీద హైదరాబాద్, మద్రాస్ ఐఐటీల వాళ్లు పనిచేశారు. 5జీఐ అనే పేరుతో వచ్చిన ఆ ప్రమాణం తర్వాత 3జీపీపీలో కలిసింది. అదే సమాఖ్య 2023లో 6జీకి గీసిన చట్రంలో ఆరు వాడుకలు పెట్టారు. కృత్రిమ మేధ ఒకటి, అందరికీ అన్నిచోట్లా సంధానం మరొకటి. మొదటిదాని మీద వ్యాసాలు కుప్పలు, రెండోదాని దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఉపగ్రహం గుర్తుకొస్తుంది. “ఇంకేం, ఫోను నేరుగా ఉపగ్రహంతో మాట్లాడుతుంది, టవర్లతో పనేముంది?” అంటారు. ఆకాశం కనబడని తోటలో, రేకుల షెడ్డు కింద పడుకున్న పెద్దాయన ఫోనుకు అది ఎంతవరకు అందుతుందో ఈ మాట అనేవాళ్లు ఒకసారి వచ్చి చూడాలి.

కాబట్టి మీ అమ్మాయి సాఫ్ట్‌వేర్‌లో ఊహా నగరం కట్టుకుని, ఫలితాల గ్రాఫులో అందరూ గీసే ఎర్ర గీత, నీలం గీత మళ్లీ గీయకుండా, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కొబ్బరి తోటలో సిగ్నల్ కొలవమనండి. టవర్ల కరెంటు, బ్యాటరీ అలారాల చిట్టాలు అడిగి తెచ్చుకోమనండి. నేను ఉద్యోగంలో లేకపోయినా ఎవరిని అడగాలో చెప్పగలను. చెరువు పరికరం లెక్కలు మా బావమరిది ఇస్తాడు, భోజనం కూడా పెడతాడు. కాకపోతే మేత ధర మీద, అమెరికా సుంకాల మీద వాడి ఉపన్యాసం పూర్తిగా వినాలి.