టవర్లు మూగబోయినా కబురు అందాలంటే

ప్రశ్న: మాది కోనసీమ తీరం. తుపానొస్తే ముందు కరెంటు, ఆ వెనకే సెల్ సిగ్నల్ పోతాయి. 6 కిలోమీటర్ల అవతలున్న తుపాను షెల్టరుకు ఇంటర్నెట్ లేకుండా మెసేజ్‌లు పంపుకునే ఏర్పాటు ఉందా? లైసెన్సు కావాలా?

జవాబు: ఉంది. ఫొటోలు, మాటలు పోవు గానీ పొట్టి మెసేజ్‌లు పోతాయి. లోరా (తక్కువ కరెంటుతో చాలా దూరం పోయే రేడియో పద్ధతి) బోర్డులు, వాటిలో వేసుకునే మెష్‌టాస్టిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఫోను బ్లూటూత్‌తో బోర్డుకు కలుస్తుంది. ఒక బోర్డు పంపింది దారిలో ఉన్న ఇంకో బోర్డు అందుకుని ముందుకు పంపుతుంది.

మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్‌లో 1 వాటు లోపు, 200 కిలోహెర్ట్జ్ వెడల్పు లోపు వాడితే లైసెన్సు అక్కర్లేదు. రీజియన్ ఇండియా అని పెట్టి చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ మొదట ఉండే ‘లాంగ్ ఫాస్ట్’ సెట్టింగు వెడల్పు 250, అంటే పరిమితి దాటినట్టే. దాన్ని ‘లాంగ్ మోడరేట్’ చేయండి, 125కి దిగుతుంది. మెసేజ్ కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది, ఫర్వాలేదు. బోర్డులన్నిటికీ ఒకటే సెట్టింగు ఉండాలి, లేకపోతే ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. చవగ్గా వచ్చిందని 433 మెగాహెర్ట్జ్ బోర్డు కొనకండి. యాంటెన్నా బిగించకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి, ట్రాన్స్‌మిటర్ కాలిపోవచ్చు.

మీకు అసలు అడ్డంకి కొబ్బరితోటలే. రేడియో తరంగం సన్నటి గీతలా పోదు, కండెలా మధ్యలో ఉబ్బుతుంది. 6 కిలోమీటర్ల దూరానికి సరిగ్గా మధ్యలో ఆ ఉబ్బు చూపు గీత (రెండు యాంటెన్నాలను కలిపే తిన్నని గీత) నుంచి ప్రతి వైపూ 23 మీటర్లు. చూపు గీతకు చుట్టూ కనీసం 14 మీటర్లు ఖాళీ ఉంటేనే సిగ్నల్ నిలకడగా ఉంటుంది. అంత ఎత్తు మీకు దొరకదు. దారి మధ్యలో మూడో బోర్డు పెట్టండి, 3 కిలోమీటర్లకు 10 మీటర్ల ఖాళీ చాలు. ఇందుకు నీళ్ల ట్యాంకును మించిన చోటు లేదు, పంచాయతీ అనుమతి తీసుకోండి. యాంటెన్నా పిడుగు కడ్డీ కంటే కిందే ఉండాలి. తడిసిన ఆకులు సిగ్నల్‌ని ఎక్కువ మింగేస్తాయి కాబట్టి వాన పడే రోజున కూడా పరీక్షించండి.

ట్యాంకు మీదికి ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్ బోర్డే తీసుకోండి. 3000 ఎంఏహెచ్ 18650 సెల్‌లు (రీఛార్జి అయ్యే లిథియం సెల్‌లు) రెండు పక్కపక్కన, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే, ఎండ లేకున్నా పది రోజుల పైనే నడుస్తుంది. ఈఎస్‌పీ32 చిప్ బోర్డయితే అవే సెల్‌లు రెండున్నర రోజులకు అయిపోతాయి. పైన 5 వాట్ల సోలార్ ప్యానెల్. బోర్డు, సెల్‌లు ఉంచే పెట్టె యాంటెన్నా కిందనే ఉండాలి. 5 మీటర్ల సన్నటి కేబుల్ వేస్తే సగం శక్తి అందులోనే పోతుంది. ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబారతాయి, రబ్బరు సీలింగు టేపు చుట్టండి. పెట్టె అడుగున చిన్న రంధ్రం వదలండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

ఒక మెసేజ్‌కి సుమారు 200 బైట్లు. తెలుగులో ‘బియ్యం’ అన్న ఒక్క మాటకే 18 బైట్లు పడతాయి. అందుకని ముందే అంకెల కోడు (ఏ అంకెకు ఏ మాటో) అనుకుని, ఆ పట్టీ షెల్టరు గోడకు అంటించండి.

ప్రశ్న: మా మెసేజ్‌లు బయటివాళ్లు చదవగలరా?

జవాబు: మొదటి ఛానెల్ తాళం అందరికీ తెలిసినదే, కాబట్టి చదవగలరు. కొత్త ఛానెల్ తెరిచి 256 బిట్ల తాళం పెట్టి, దాని క్యూఆర్ కోడు మీవాళ్లకే ఇవ్వండి. ఈ పని, ఫోన్లలో యాప్ వేయడం రెండూ హెచ్చరిక రాకముందే పూర్తి కావాలి. యాప్ దించుకోవడానికి మాత్రం ఇంటర్నెట్ కావాల్సిందే.