ఇంజెక్షన్ ఆపాక బరువు తిరిగొచ్చింది, బంగారం తాకట్టు పెట్టనా?

ప్రశ్న: నమస్తే సార్. మాది విజయవాడ, కానూరు. నా వయసు 43. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 38 వేలు. మావారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు ఉంది, సగటున నెలకు 57 వేలు మిగులుతాయి. నిరుడు జూన్‌లో డాక్టర్ సలహాతో బరువు తగ్గే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. తొమ్మిది నెలల్లో 94 కిలోల నుంచి 79కి వచ్చాను. మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, బోర్డర్‌లో ఉన్న షుగర్ కూడా వెనక్కి వచ్చింది. అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం ఈ మార్చిలో ఆపేశాను. ఆరు నెలల్లో మళ్ళీ 88కి పెరిగాను. లక్షన్నర నీళ్ళలో పోశావని అత్తయ్య గారు అంటున్నారు. మళ్ళీ మొదలుపెట్టడానికి బంగారం మీద 2 లక్షలు అప్పు తీసుకోనా? లేక మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 8 వేలు కట్టే సిప్ ఆపేయనా? లక్షన్నర ఎఫ్‌డీ కూడా ఉంది. ఇంటి ఖర్చుల లెక్క, మందు బిల్లులు జతచేశాను. ఈ ఖర్చు హెల్త్ ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

జవాబు: అమ్మా, మీ ఇంటి లెక్కలన్నీ చూశాను. వాటికంటే ముందు ఆ "నీళ్ళలో పోశావు" అన్న మాట సంగతి తేలాలి. ఆ మాట మనసులో గుచ్చుకుంటూ ఉంటే, ఎలాగైనా మళ్ళీ తగ్గి చూపించాలన్న పంతంతో అప్పు చేస్తారు. పంతంతో చేసిన అప్పులు తీర్చలేక అవస్థ పడిన కుటుంబాలను నా పనిలో చాలానే చూశాను.

బరువు తిరిగి రావడం మీ తప్పు కాదు. మీరు వాడిన మందు మీదే జరిగిన సర్మౌంట్-4 అనే పరిశోధన 2023 చివర్లో వచ్చింది. అందులో 36 వారాలు ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళు సగటున 20.9 శాతం బరువు తగ్గారు. తర్వాత కొంతమందికి అదే మందు కొనసాగించారు, మిగతావాళ్ళకు మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఏ గుంపులో ఉన్నదీ ఎవరికీ తెలియదు. తిండి, వ్యాయామం గురించిన సలహాలు అందరికీ అందాయి. ఏడాది గడిచేసరికి మందు అందినవాళ్ళు ఇంకో 5.5 శాతం తగ్గితే, అందనివాళ్ళు 14 శాతం పెరిగారు. సెమాగ్లూటైడ్ అనే ఇలాంటి మరో మందు మీద 2022లో వచ్చిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. మందు ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. మీరు 15 కిలోలు తగ్గి 9 కిలోలు పెరిగారు. అందరికీ జరిగేదే మీకూ జరిగింది.

కారణం కూడా తెలుసుకోండి, ఇంట్లో చెప్పడానికి పనికొస్తుంది. తిన్నాక మన పేగుల్లో కొన్ని హార్మోన్లు ఊరి, "ఇక చాలు" అని మెదడుకు కబురు పంపుతాయి. ఈ మందు ఆ హార్మోన్ల పని చేస్తుంది. ఇంజెక్షన్ ఆగితే ఆ కబురు కూడా ఆగిపోతుంది. పైగా బరువు తగ్గిన శరీరం, కరువొచ్చిందనుకుని ఆకలి పెంచుతుంది, ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది. మా అమ్మ ఇరవై ఏళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటోంది. ఊరెళ్ళినప్పుడు మాత్రలు మర్చిపోతే బీపీ పెరుగుతుంది. అంతమాత్రాన ఇన్నాళ్ళూ మాత్రలకు పెట్టిన డబ్బు వృథా అయిందని మా ఇంట్లో ఎవరూ అనలేదు. మీ ఇంజెక్షనూ అలాంటిదేనని అత్తయ్య గారికి నెమ్మదిగా చెప్పండి. ఆవిడ కూడా రోజూ మందులు వేసుకునే మనిషే కదా, అర్థం చేసుకుంటారు.

డబ్బు నిర్ణయం మొత్తం ఈ బీపీ మాత్ర పోలికలోనే ఉంది. ఆపరేషన్ అయితే ఒకసారి ఖర్చు పెడితే అయిపోతుంది. దానికి అప్పు చేసినా, తీర్చే తేదీ ఒకటి కనిపిస్తుంది. ఈ మందు అలా కాదు, కరెంటు బిల్లులా నెలనెలా వచ్చేది. నెలనెలా వచ్చే బిల్లును నెల ఆదాయంలోంచే కట్టగలగాలి.

మీ బిల్లుల ప్రకారం మొదటి నెల 14,000, తర్వాత ఎనిమిది నెలలు 17,500 చొప్పున, మొత్తం 1,54,000 అయింది. ఇప్పుడు బంగారం మీద 2 లక్షలు తెస్తే, నెలకు 17,500 చొప్పున పదకొండు నెలలు వస్తాయి. పన్నెండో నెలలో మందు ఆగుతుంది, ఆకలి తిరిగొస్తుంది, బరువు పెరగడం మొదలవుతుంది. అప్పుడు చేతిలో మందూ ఉండదు, డబ్బూ ఉండదు. 10 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 20 వేలు వడ్డీ, అసలు అలాగే ఉంటుంది, నగలు బ్యాంకులో ఉంటాయి. మీరు ఇప్పుడు పడుతున్న బాధే వచ్చే ఏడాది రెట్టింపై ఎదురొస్తుంది. అందుకే బంగారం తాకట్టు వద్దే వద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇంకో నష్టం చాలామందికి కనిపించదు. చాలా రోజులు ఆపి మళ్ళీ మొదలుపెడితే, మామూలుగా డాక్టర్లు మొదటి చిన్న డోసు నుంచే తిరిగి ఎక్కిస్తారు. ఆ నెలల ఖర్చు మళ్ళీ మొదటి నుంచి పెట్టాల్సిందే. డబ్బున్నప్పుడు వేసుకుని లేనప్పుడు మానేయడం అన్నిటికంటే ఖరీదైన పద్ధతి.

అందుకే నేను చెప్పేది ఇది. కనీసం మూడేళ్ళు ఆపకుండా కట్టగల మొత్తం ఎంతో ముందు తేల్చుకోండి. ఆ మొత్తంలో ఇమిడే వైద్యం ఏమిటో డాక్టర్‌ని అడగండి.

మీ ఇద్దరి ఆదాయం కలిపి 95 వేలు. ఇంటి లోన్ వాయిదా 21, ఫీజులు నెలకు సర్దితే 14, ఇల్లు గడవడానికి 28, అత్తయ్య గారి మందులు, రానుపోను ఖర్చులు 7, ఇన్సూరెన్స్‌లు 4, సిప్ 8 వేలు. మొత్తం 82 వేలు, మిగిలేది 13 వేలు. కానీ దసరా, సంక్రాంతి, పెళ్ళిళ్ళ చదివింపులు, ఇంటి రిపేర్లు ఆ లెక్కలో లేవు. వాటికి నెలకు 5 వేలు పక్కన పెడితే అసలు మిగులు 8 వేలు. 17,500 మందుకు అది సగం కూడా కాదు. మూడేళ్ళకు లెక్కేస్తే మందు ఒక్కటే 6,30,000 అవుతుంది. ఈ ధరకు ఈ మందు ప్రస్తుతం మీ ఇంటి ఆదాయంలో ఇమడదు. ఈ మాట రాయడానికి నాకూ కష్టంగానే ఉంది, ఎందుకంటే ఆ మందు మీ మోకాళ్ళకు, షుగర్‌కు మంచే చేసింది.

సిప్ పూర్తిగా ఆపడం కూడా నాకు సమ్మతం కాదు. అమ్మాయి ఇంజినీరింగ్ ఎంతో దూరంలో లేదు, ఆ సిప్ దాని కోసమే మొదలుపెట్టారు. అయితే మీ ఆరోగ్యం కోసం అందులో సగం, అంటే 4 వేలు, కొన్నాళ్ళు ఇటు మళ్ళిస్తే తప్పులేదు. మీ మోకాళ్ళు బాగుంటేనే క్లాసులో నిలబడి పాఠం చెప్పగలరు, మీ జీతం ఇంటి ఆదాయంలో నూటికి నలభై. కాబట్టి మీ పరిమితి 8 వేలు, గట్టిగా లాగితే 12 వేలు. ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోకండి. ఆ లక్షన్నర మీ రెండు నెలల ఖర్చుకు కూడా చాలదు, షాపు ఆదాయం ఎప్పుడూ ఒకేలా ఉండదు.

ఈ పరిమితి అందుకోలేనిదేమీ కాదు. ధరలు కదులుతున్నాయి. సెమాగ్లూటైడ్‌కే ఒక బ్రాండ్ అయిన వెగోవీ 2025 జూన్‌లో మన దేశంలోకి వచ్చినప్పుడు, అన్నిటికంటే చిన్న డోసే నెలకు 17,345 రూపాయలు. అదే ఏడాది నవంబరులో దాన్ని 10,850కి తగ్గించారు. 2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు ముగిసింది, దేశీ కంపెనీలకు దారి తెరుచుకుంది. మీరు వాడిన టిర్జెపటైడ్ వేరే మందు కాబట్టి దానికి ఇది వర్తించదు. మందు మార్చవచ్చో లేదో డాక్టర్ చెప్పాలి, నేను చెప్పేది కాదు. మీరు మాత్రం మొహమాటం లేకుండా, "డాక్టర్ గారూ, నేను నెలకు ఇంతే పెట్టగలను, అది కూడా మూడేళ్ళు. ఇందులో నాకు సరిపడేది ఏదైనా ఉందా?" అని అడగండి. మనవాళ్ళు డాక్టర్ దగ్గర డబ్బు మాట ఎత్తడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు మీకు ఇప్పటికే లక్షన్నర ఖర్చు తెచ్చింది. డోసు ఎక్కడ ఆపవచ్చు, ఎప్పుడైనా మానాల్సి వస్తే ఎలా మానాలి అన్నవి కూడా మొదటి రోజే అడిగి రాయించుకోండి.

చవగ్గా వస్తుందని వాట్సాప్‌లోనో, తెలిసినవాళ్ళ ద్వారానో బిల్లు లేకుండా కొనకండి. తెరవని ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. రోళ్ళు పగిలే మన బెజవాడ ఎండల్లో అది ఎక్కడెక్కడ తిరిగి మీ చేతికొచ్చిందో ఎవరికి తెలుసు?

ఒకవేళ 12 వేల లోపు ఏదీ కుదరకపోతే? అప్పుడు ఆ డబ్బును బరువు ఇంకా పెరగకుండా ఆపడానికి పెట్టండి. డెన్మార్క్‌లో లిరాగ్లూటైడ్ అనే ఇదే తరహా మందు మీద జరిగిన అధ్యయనంలో, మందుతో పాటు శిక్షకుల పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్ళు, మందు ఆపిన ఏడాది తర్వాత కూడా, మందు ఒక్కటే వాడినవాళ్ళ కంటే మెరుగ్గా నిలబడ్డారు. కాబట్టి నెలకు రెండు మూడు వేలు పెట్టి, మోకాళ్ళ సంగతి తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర బరువులతో చేసే వ్యాయామం నేర్చుకోండి. గుడ్లు, పెరుగు, పప్పులు పెంచడానికి ఇంకో వెయ్యి. మూడు నెలలకోసారి షుగర్ పరీక్ష. ఇవన్నీ కలిపినా మీ 8 వేలు దాటవు. ఇంకా 79కి మీకు 9 కిలోలే దూరం. 94 నుంచి చూస్తే ఇప్పటికీ 6 కిలోలు తక్కువే ఉన్నారు.

హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఈ ఖర్చు వస్తుందా అని చివర్లో అడిగారు. మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, వారం వారం ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్‌కు ఇవ్వవు. ఊబకాయానికి చేసే ఆపరేషన్‌కు కూడా బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే అంకె) కనీసం 40 ఉండాలి, లేదా తీవ్రమైన ఇతర జబ్బులుంటే కనీసం 35 ఉండాలి. అయినా సరే, ఈ ఇంజెక్షన్ కోసం ఆ ప్రీమియం మాత్రం ఒక్క ఏడాది కూడా ఎగ్గొట్టకండి. 2024లో మారిన నిబంధనల ప్రకారం పాత జబ్బులకు వేచి ఉండే గడువు మూడేళ్ళకు మించకూడదు. ఐదేళ్ళు వరసగా కడితే, మోసం రుజువైతే తప్ప జబ్బు దాచారన్న నెపంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. ఒక్కసారి పాలసీ తెగితే ఆ లెక్క మొదటికొస్తుంది. షుగర్ బోర్డర్‌లో ఉన్న మీకు అది చాలా పెద్ద నష్టం.

ఈ ఆదివారం మీవారితో కూర్చుని ఆ 8 వేలు, 12 వేలు అన్న రెండు అంకెలు ఆయన చేత కూడా అవుననిపించుకోండి. షాపు ఆదాయం ఏ నెలలో పడిపోతుందో ఆయనకే తెలుసు. గత పన్నెండు నెలల షాపు లెక్క, డాక్టర్ చెప్పిన ధర నాకు పంపండి. సిప్‌లో ఎంత తగ్గించాలో, ఎన్ని నెలలకో అప్పుడు కచ్చితంగా రాస్తాను.