సఫారీ లాడ్జి కోసం తొమ్మిది లక్షల లోనా?

ప్రశ్న: నమస్తే సార్. నాకు 38 ఏళ్లు. మాది అనంతపురం, బెంగళూరులో సర్జాపూర్ రోడ్డులో ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు 1.70 లక్షలు వస్తుంది. మా ఆవిడకు 90 వేలు. పాపకు ఏడేళ్లు. ఇంటి లోన్ ఈఎంఐ 78 వేలు, కారుది 19 వేలు, స్కూలు ఫీజు నెలకు వేసుకుంటే 18 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 5 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 15 వేలు. సిప్‌లు 25 వేలు. ఇవన్నీ పోగా 30 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీ 3.5 లక్షలు ఉంది. మార్చిలో మా ఆవిడకు 2.5 లక్షల బోనస్ రావాలి. అందరికీ కలిపి మా కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ 5 లక్షలు ఉంది. నాన్నకు షుగర్.

ఈ ఆగస్టుకు మా పెళ్లయి పదేళ్లు. కెన్యా, టాంజానియాల్లో మంచి బుటీక్ సఫారీ లాడ్జిల్లో ఎనిమిది రాత్రులు గడపాలని కోరిక. ముగ్గురికి 14 లక్షలని ఏజెంటు కొటేషన్ ఇచ్చాడు. ఈ నెలాఖరులోగా 30 శాతం కడితేనే ఆ రేటట. బ్యాంకు యాప్‌లో 9 లక్షల ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోన్ చూపిస్తోంది, 14 శాతం వడ్డీ, మూడేళ్లు. మిగతాది ఎఫ్‌డీ, బోనస్‌లతో సరిపోతుంది. క్రెడిట్ కార్డు మీద 6 లక్షల లిమిట్ ఖాళీగానే ఉంది కాబట్టి ఎమర్జెన్సీకి ఇబ్బంది లేదు. పర్సనల్ లోన్ మంచిదా, మ్యూచువల్ ఫండ్ల మీద లోన్ మంచిదా? సిప్‌లు కొన్నాళ్లు ఆపమంటారా?

జవాబు: రెండు లోన్లూ వద్దు. ఈ నెలాఖరుకు ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

టూర్ల కోసం లోన్ అడిగే ఉత్తరాలు వారానికి నాలుగైదు వస్తుంటాయి. మీదే ఎంచుకోవడానికి కారణం అందులోని ఒక వాక్యం. క్రెడిట్ కార్డు లిమిట్ ఉంది కాబట్టి ఎమర్జెన్సీకి ఇబ్బంది లేదన్నారు. మంచి జీతాలున్న ఇళ్లలో ఈ మధ్య నాకు ఎక్కువగా వినిపిస్తున్న మాట ఇదే. లిమిట్ మీ డబ్బు కాదు. బ్యాంకు మీకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న అప్పు. మీ పరిస్థితి బాగోలేదని తెలిస్తే ఆ లిమిట్‌ను తగ్గించే అధికారం కూడా బ్యాంకుకే ఉంది. పైగా ఉద్యోగం పోయిన నెలలో మీకు ముందు కావలసింది ఇంటి లోన్ ఈఎంఐ. దాన్ని కార్డుతో కట్టలేరు. కార్డు నుంచి నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నెలకు మూడున్నర శాతం దాకా వేసే కార్డులు చాలా ఉన్నాయి, అంటే ఏడాదికి నలభై శాతం పైమాటే.

మీ లెక్కే చూద్దాం. సిప్‌లు పక్కన పెడితే, తప్పనిసరి ఖర్చులు నెలకు 1.80 లక్షలు. దురదృష్టవశాత్తూ మీ ఉద్యోగం పోతే ఇంట్లోకి వచ్చేది మీ ఆవిడ జీతం 90 వేలు. ప్రతి నెలా 90 వేలు తక్కువ పడతాయి. మీ ఎఫ్‌డీతో నాలుగు నెలలు కూడా గట్టెక్కలేరు. మీ అనుభవానికి తగ్గ ఉద్యోగం ఇప్పుడు బెంగళూరులో ఎన్ని నెలల్లో దొరుకుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఇప్పుడు దీనికి ఆ లోన్ కలపండి. 9 లక్షలు, 14 శాతం, 36 నెలలు అంటే ఈఎంఐ దాదాపు 30,760. మూడేళ్లలో వడ్డీ రెండు లక్షల పైచిలుకు. మీకు నెలకు మిగులుతున్న 30 వేలూ దానికే పోతాయి, ఇంకా కొంచెం తక్కువే పడతాయి. తప్పనిసరి ఖర్చు 2.11 లక్షలకు చేరుతుంది, ఎఫ్‌డీ ఉండదు, బోనస్ ఉండదు. ఆ స్థితిలో మీ జీతం ఒక్క నెల ఆగితే 1.21 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు?

అన్నట్టు, 2.60 లక్షల్లోంచి 1.80 లక్షలు, సిప్‌ల 25 వేలు, మిగులు 30 వేలు తీసేస్తే ఇంకో 25 వేలు ఉండాలి. అవి ఎటు పోతున్నాయో మీరు రాయలేదు. వారాంతాల్లో ఎటు పోతాయో ఊహించగలను. ఒక్క నెల కార్డు స్టేట్‌మెంట్, యూపీఐ లిస్టు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. ఈ 25 వేలలో 15 వేలు మళ్లించినా నెలకు 45 వేలు పక్కన పెట్టగలరు. కింద చెప్పబోయేదంతా ఆ 45 వేల మీదే ఆధారపడి ఉంది.

ఏజెంటు అడిగే 30 శాతం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే ఇలాంటి కేసుల్లో ప్రమాదం లోన్ తీసుకున్న రోజు కాదు, అడ్వాన్సు కట్టిన రోజే మొదలవుతుంది. 14 లక్షల్లో 30 శాతం అంటే 4.20 లక్షలు. మీ ఎఫ్‌డీ 3.5 లక్షలే. మిగతా 70 వేలు కార్డు మీద గీస్తారు కదా? అంటే టూరుకు ఏడు నెలల ముందే మీ ఎమర్జెన్సీ డబ్బు సున్నా, కార్డు మీద బాకీ మొదలు. ఇలాంటి లాడ్జిల్లో గదులు, టెంట్లు పది నుంచి ఇరవై దాకానే ఉంటాయి. ఆఖరి నిమిషంలో ఒకరు రద్దు చేసుకుంటే ఆ టెంటు ఖాళీగా మిగిలిపోతుంది. అందుకే వాళ్ల రద్దు నిబంధనలు పెద్ద హోటళ్లలా ఉండవు. అడ్వాన్సు తిరిగి రాకపోవడం మామూలే. మిగతా మొత్తం రెండు నెలల ముందే కట్టమంటారు, ఆ తర్వాత రద్దు చేస్తే దాదాపు అంతా పోతుంది. జూన్‌లో మీ కంపెనీలో ఏదైనా జరిగిందనుకోండి. 4.20 లక్షలు వదులుకోవాలి, లేదా దాన్ని కాపాడుకోవడానికి ఇంకో 9.80 లక్షలు అప్పు తెచ్చి కట్టాలి. ఆ పరిస్థితిలో చాలామంది రెండోదే చేస్తారు. అలా చేసినవాళ్ల ఖాతాలు చూశాను కాబట్టే చెబుతున్నాను.

నా దగ్గరికి వచ్చిన ఒక జంట విదేశంలో ఒక ఖరీదైన రిసార్టులో ఐదు రోజులుండి వచ్చారు. వచ్చిన వారంలోనే వాళ్ల నాన్నగారిని కర్నూలులో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. క్యాష్‌లెస్ అప్రూవల్ వచ్చేదాకా లక్షన్నర డిపాజిట్ కట్టమన్నారు. కార్డు తీసి ఇస్తే డిక్లైన్ అయింది. రిసార్టు బిల్లు మొత్తం కార్డు మీదే ఉంది. దానికి తోడు చెకిన్‌లో సెక్యూరిటీ కింద బ్లాక్ చేసిన మొత్తం ఇంకా విడుదల కాలేదు. ఆవిడ బిల్లింగ్ కౌంటర్ పక్కనే గాజులు తీసి భర్త చేతిలో పెడితే, ఆయన ఎదురుగా ఉన్న గోల్డ్ లోన్ ఆఫీసుకు పరుగెత్తాడు. ఇద్దరికీ కలిపి జీతం మీకన్నా ఎక్కువ.

కాబట్టి మొదటి పని ఆరు నెలల తప్పనిసరి ఖర్చు, అంటే 10.8 లక్షలు పోగుచేయడం. ఎఫ్‌డీని కదిలించకండి. మార్చి బోనస్ 2.5 లక్షలు దానికి చేర్చండి, 6 లక్షలవుతుంది. మిగతా 4.8 లక్షలు నెలకు 45 వేల చొప్పున పదకొండు నెలల్లోపే పూర్తవుతుంది. సగం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు దానంతటదే ఖాతాలోకి వచ్చేది), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. ఖాతా ఇద్దరి పేరునా ఉండాలి. ఏటీఎం పిన్ కూడా ఇద్దరికీ తెలిసుండాలి. నవ్వుకోకండి, ఆసుపత్రిలో పడుకున్నది సంపాదించే మనిషే అయితే ఆ పిన్ దగ్గరే ఇంటిల్లిపాదీ ఆగిపోతారు. ఆరు నెలలు ఎక్కువ అనిపిస్తోందా? నిజానికి కారు ఈఎంఐ తీరేదాకా తొమ్మిది నెలలు పెట్టుకోమని చెప్పేవాణ్ణి. తగ్గించుకుని చెబుతున్నాను.

రెండోది హెల్త్ ఇన్సూరెన్స్. ఐదుగురికీ కలిపి 5 లక్షలు, అదీ కంపెనీది. ఉద్యోగంతో పాటే పోతుంది. అంటే జీతం ఆగిన రోజే మీ నాన్నగారి కవర్ కూడా ఆగుతుంది. ఆయనకు షుగర్ ఉంది కాబట్టి కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉంటుంది. 2024 నుంచి అది గరిష్ఠంగా మూడేళ్లే. ఆ మూడేళ్లు మీ కంపెనీ కవర్ నడుస్తుండగానే గడిచిపోవాలంటే పాలసీ ఇప్పుడే తీసుకోవాలి. అమ్మానాన్నలకు విడిగా ఒకటి, మీ ముగ్గురికి పది లక్షల ఫ్లోటర్ (ముగ్గురూ కలిపి వాడుకునే పాలసీ), దాని మీద సూపర్ టాప్-అప్ (ఆ పరిమితి దాటిన ఖర్చుకు పనికొచ్చేది). 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ సాకు కూడా పోయింది. షుగర్ సంగతి దాచకుండా రాయండి. ఈ ప్రీమియం కోసం సిప్‌ను 25 వేల నుంచి 15 వేలకు తగ్గించినా నాకు అభ్యంతరం లేదు. లాడ్జి కోసం మాత్రం సిప్ ఆపొద్దు.

మ్యూచువల్ ఫండ్ల మీద లోన్ గురించి ఒక్క మాట: వడ్డీ తక్కువే, కానీ మార్కెట్ పడితే మీరు టాంజానియాలో సెరెంగెటి పార్కులో ఉండగా, తగ్గిన ఫండ్ విలువకు సరిపడా డబ్బు (మార్జిన్) కట్టమని బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది.

ఇక టూరు. నేను వెళ్లొద్దనడం లేదు. రెండేళ్లు ఆగి సొంత డబ్బుతో వెళ్లమంటున్నాను. ఎమర్జెన్సీ ఫండ్ నిండాక అదే 45 వేలు, వచ్చే ఏడాది బోనస్ కలిస్తే ఏడాదిలో దాదాపు 7.9 లక్షలు అవుతుంది. ఆ డబ్బులో మంచి లాడ్జికే వెళ్లొచ్చు, కొటేషన్‌ను కాస్త మార్చుకుంటే.

ముందుగా ఆగస్టును వదిలేయండి. నదులు దాటే వైల్డ్‌బీస్ట్ (ఒక రకం ఆఫ్రికా జింక) మందల కోసం జూలై నుంచి అక్టోబరు దాకా అందరూ కెన్యాలోని మసాయ్ మారా అభయారణ్యానికే వస్తారు, రేట్లు ఆకాశంలో ఉంటాయి. మారా రిజర్వ్ ప్రవేశ రుసుమే విదేశీయులకు జూలై నుంచి డిసెంబరు వరకు రోజుకు మనిషికి 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ వరకు 100 డాలర్లు. పెద్దవాళ్లిద్దరికీ మూడు రోజులంటే ఆగస్టులో 1,200 డాలర్లు, లక్ష రూపాయల పైనే. అదే ఫిబ్రవరిలో అందులో సగం. సింహాలు, చిరుతలు ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి. ఏప్రిల్, మే ఇంకా చవక, పాపకు సెలవులు కూడా. కానీ అవి పెద్ద వానల నెలలు, కొన్ని క్యాంపులు మూసేస్తారు కూడా. ఎలాగూ ఆగస్టులో వెళితే స్కూలు మానిపించాల్సిందే కదా, అదేదో ఫిబ్రవరిలో నాలుగు రోజులు మానిపించండి.

రెండోది, టాంజానియా తీసేయండి. రెండో దేశమంటే దానికి వీసా, ఇంకో విమానం, ఇంకో పార్కు రుసుము, మధ్యలో ఒక రోజు ప్రయాణానికే. ఒకే చోట నాలుగైదు రాత్రులు ఉండండి. మారా నార్త్, నబోయిషో, ఓలారె మొటొరొగి లాంటి కన్సర్వెన్సీల్లో (రిజర్వ్‌ను ఆనుకుని ఉన్న ప్రైవేటు అభయారణ్యాల్లో) టెంట్ల సంఖ్యకు, వాహనాలకు పరిమితి ఉంది. రిజర్వ్ లోపల కుదరని రాత్రి సఫారీలు, జీపు బాట వదిలి జంతువు దగ్గరికి తీసుకెళ్లడం అక్కడ కుదురుతాయి. మీరు పెట్టే డబ్బుకు విలువ అక్కడుంది, గదిలోని బాత్‌టబ్‌లో కాదు. చాలా లాడ్జిల్లో చిన్నపిల్లలను షేరింగ్ జీపులో ఎక్కించుకోరు, ప్రైవేటు వాహనానికి విడిగా రోజుకింత కట్టమంటారు. రెండేళ్లు ఆగితే పాపకు తొమ్మిదేళ్లు వస్తాయి, చాలా చోట్ల ఆ ఖర్చు తప్పుతుంది.

అప్పుడు కొటేషన్ తెప్పించుకునేటప్పుడు నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి మారాకు వెళ్లే చిన్న విమానం అందులో కలిసిందా అని అడగండి (సామాను మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లో). పార్కు రుసుము, కన్సర్వెన్సీ రుసుము, జీపు, భోజనం కలిసే ఉన్నాయో లేదో, రద్దు నిబంధనలేమిటో రాతపూర్వకంగా తీసుకోండి. ప్యాకేజీ మీద టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. ప్రయాణ బీమాలో మెడికల్ ఎవాక్యుయేషన్ తప్పకుండా ఉండాలి. అడవి మధ్యలోంచి నైరోబీ ఆసుపత్రికి తీసుకెళ్లేది అంబులెన్సు కాదు, విమానం. ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. ఆ సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే ఇక్కడి విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపిస్తారు.

ఈ ఆగస్టు పెళ్లిరోజుకు మన కర్ణాటకలోనే, నాగరహొళె అడవి పక్కన కబిని ఉంది. మైసూరు మహారాజుల వేట విడిదిని ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్లు రివర్ లాడ్జిగా నడుపుతున్నారు, ప్రైవేటువీ ఖరీదైనవి పక్కనే ఉన్నాయి. సఫారీలు నడుస్తున్నాయో లేదో కనుక్కున్నాకే బుక్ చేయండి, అటవీ శాఖ అప్పుడప్పుడూ ఆపేస్తుంటుంది. రెండు రాత్రుల ఖర్చు ఆ లెక్క తేలని 25 వేల నుంచే మూడు నెలల్లో తీయొచ్చు.

ఇంత రాశారు కానీ మీ ఇద్దరి టర్మ్ (జీవిత బీమా) పాలసీల గురించి ఒక్క మాట రాయలేదు. ఇంటి లోన్ అసలు ఎంత మిగిలిందో కూడా రాయలేదు. ఈ రెండు అంకెలూ పంపండి, లేకపోతే పై లెక్క సగమే.