చర్మ వ్యాధులకు ఫోన్‌లో వైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

2021 మే 12న తెలంగాణలో కరోనా వల్ల మళ్లీ లాక్‌డౌన్ మొదలైన నాటి నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలావాటి సారాంశం ఒక్కటే: వరంగల్ దాకా రాలేకపోతున్నాం, ఫొటో పంపితే మందు చెబుతారా అని. 2020 మార్చి నుంచి నేను ప్రతి సాయంత్రం కొంతసేపు చర్మ రోగులను ఫోన్‌లోనే చూస్తున్నాను. ఫోన్‌లో ఏది తేలిందో, ఏది తేలక రోగిని పిలిపించవలసి వచ్చిందో ఆ అనుభవంతోనే ఈ ఆరు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. మిర్చి ఏరే రోజుల్లో చెమటకు మా ఆయనకు నడుము చుట్టూ, గజ్జల్లో తామర వచ్చింది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, ఆపగానే మళ్లీ వస్తుంది. మూడు నెలలైంది. ఇప్పుడు నాకూ, మా ఆరేళ్ల బాబుకూ అంటుకుంది. పొద్దున పది దాటితే బయట తిరగనివ్వడం లేదు, డాక్టర్లు ఆస్పత్రికి వచ్చేదే ఆ వేళకు. ఫొటోలు పంపితే సరిపోతుందా?

జవాబు: సరిపోతుందమ్మా. కానీ మచ్చల ఫొటోలతో పాటు ఆ ట్యూబు ఫొటో కూడా తప్పకుండా పంపాలి.

ఫోన్‌లో చూసి మందు రాయడం చట్టానికి విరుద్ధమేమోనని కొందరు భయపడుతున్నారు కనుక ముందు ఆ సంగతి చెబుతాను. దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చిన 2020 మార్చి 25నే కేంద్ర ఆరోగ్య శాఖ టెలీమెడిసిన్ మార్గదర్శకాలను వెలువరించింది. వాటి ప్రకారం రిజిస్టరైన వైద్యులు ఫోన్ ద్వారా, వీడియో ద్వారా, రాతపూర్వక సందేశాల ద్వారా రోగులను చూడవచ్చు. మందుల చీటీ మీద వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉండాలి, దాని ఫొటోనో ప్రతినో రోగికి పంపాలి. ఎవరో ఫోన్‌లో నోటిమాటగా చెప్పిన మందు పేరు పట్టుకుని దుకాణానికి వెళ్లకండి.

ఇక ట్యూబు విషయం. రాయగానే తగ్గి, ఆపగానే తిరగబెట్టిందంటే అందులో స్టెరాయిడ్ ఉండి ఉంటుందని నా అనుమానం. తామరకు కారణం శిలీంధ్రం, అంటే ఒక రకమైన బూజు. స్టెరాయిడ్ ఆ బూజును చంపదు. దాని మీద మన శరీరం చేసే పోరాటాన్ని మాత్రం అణచివేస్తుంది. దురద, ఎరుపు తగ్గేసరికి రోగం నయమైందనుకుంటాం, లోపల బూజు అడ్డూ ఆపూ లేకుండా విస్తరిస్తుంది. పైగా తామరకు గుర్తుగా ఉండే ఉంగరం లాంటి అంచు చెరిగిపోయి, అనుభవం ఉన్న డాక్టరుకు కూడా అది తామరో గజ్జో ఎగ్జిమానో తేలకుండా పోతుంది. ఎదురుగా కూర్చున్న రోగిలోనే ఇది కష్టమైనప్పుడు ఫొటోలో ఎంత కష్టమో ఊహించండి. ట్యూబు మీద చిన్న అక్షరాలతో క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ వంటి పేర్లు కనిపిస్తాయేమో చూడండి. ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ఆదేశాలు వచ్చినా, మన పల్లెల్లో అవి కొబ్బరి నూనె సీసాల పక్కనే దొరుకుతున్నాయి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. గజ్జల్లో నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎప్పటికీ మాయని చారలు పడతాయి.

ఫొటోలు తీసే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే నాకు వచ్చే ఫొటోలలో చాలావాటిని మళ్లీ అడిగి తెప్పించుకోవలసి వస్తోంది. ఉదయం పూట వాకిట్లో, నీడలో నిలబడి తీయండి. నేరుగా ఎండ పడకూడదు, ఫ్లాష్ వేయకూడదు. ముందు ఫోన్ వెనక కెమెరా అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. మొదటి ఫొటో మచ్చ శరీరంలో ఎక్కడ ఉందో తెలిసేలా మూరెడు దూరం నుంచి, రెండోది జానెడు దూరం నుంచి, మూడోది ఉబ్బు తెలిసేలా పక్క నుంచి తీయాలి. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెడితే దాని పరిమాణం నాకు అర్థమవుతుంది. పసుపు, పౌడరు, నూనె ఏవీ ఆ పూట రాయవద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే స్పష్టత తగ్గుతుంది కాబట్టి, డాక్యుమెంట్‌గా పంపే పద్ధతి పిల్లలెవరికైనా తెలిసి ఉంటే వారి సాయం తీసుకోండి.

ఫొటోలతో పాటు ముగ్గురి వయసులు, బాబు బరువు, మీ ఆయన వేసుకునే ఇతర మాత్రలు, మీరు గర్భవతి అయితే ఆ విషయం రాయాలి. తామరకు లోపలికి ఇచ్చే మాత్రలు అందరికీ ఒకేలా ఇవ్వలేము. మందు ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టాలి, ఒకరు మానేసినా అది మిగతా ఇద్దరికి తిరిగి వస్తుంది. తువ్వాలలు, లోదుస్తులు ఎవరివి వారికే ఉంచి, ఉతికినవి ఎండలో బాగా ఆరనివ్వండి. మచ్చ పోయాక కూడా కనీసం రెండు వారాలు మందు రాయాలి. స్టెరాయిడ్ ఆపిన కొద్ది రోజులు దురద, ఎరుపు పెరిగినట్టు కనిపించవచ్చు. అప్పుడు మళ్లీ ఆ ట్యూబు జోలికి వెళ్లకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. ఇన్ని చేసినా తేలకపోతే మచ్చ మీది పొలుసు గీరి మైక్రోస్కోపు కింద చూడవలసి వస్తుంది, దానికి మాత్రం రావాలి. వైద్యం కోసం వెళ్లేవారికి 2021 మే లాక్‌డౌన్‌లో మినహాయింపు ఇచ్చారు. దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి పాత చీటీ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మా నాన్నకు షుగర్ ఉంది. కరోనా తగ్గి పన్నెండు రోజులైంది. ఎడమ చెంప వాచి, ముక్కు పక్కన నల్లటి మచ్చ వచ్చింది, ఆ వైపు కన్ను సరిగ్గా తెరుచుకోవడం లేదు. ఫొటో జత చేశాను. ఏ ఆయింట్‌మెంట్ రాయమంటారు? (భూపాలపల్లి)

జవాబు: పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా, ఈ సందేశం చూసిన గంటలోనే ఈ కుటుంబానికి ఫోన్ చేసి ఆస్పత్రికి బయలుదేరమని చెప్పాను. ఇది అందరూ బ్లాక్ ఫంగస్ అనే మ్యూకర్‌మైకోసిస్ కావచ్చు. చక్కెర అదుపులో లేనివారికి, కరోనా చికిత్సలో స్టెరాయిడ్లు తీసుకున్నవారికి దీని ముప్పు ఎక్కువ. దీనికి స్కానింగు, ముక్కులోకి ఎండోస్కోపీ, యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు, తరచుగా శస్త్రచికిత్స అవసరమవుతాయి. హైదరాబాద్‌లోని కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని 2021 మేలో ప్రభుత్వం దీనికి ప్రధాన కేంద్రంగా ప్రకటించింది. ఇంకా కొన్ని సందర్భాలలోనూ నాకు ఫొటో పంపి జవాబు కోసం ఎదురుచూడవద్దు. ఏదైనా మాత్ర వేసుకున్న తర్వాత ఒళ్లంతా ఎర్రబడి జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం ఊడటం కనిపించినా, దద్దుర్లతో పాటు పెదవులు వాచి ఊపిరి అందకపోయినా వెంటనే 108కు ఫోన్ చేయండి.

ప్రశ్న: హుజూరాబాద్ నుంచి రాస్తున్నాను. సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ మాత్రలు రెండేళ్లుగా వాడుతున్నాను. నిరుడు లాక్‌డౌన్ నుంచి డాక్టరును కలవలేదు, పాత చీటీ మీదే మందు తెచ్చుకుంటున్నాను. ఇలా కొనసాగించవచ్చా? టీకా వేసుకోవచ్చా?

జవాబు: మీలాంటివారికి ఫోన్ వైద్యం బాగా ఉపయోగపడుతుంది. రోగం ఏమిటో ఇదివరకే తేలింది, మీ చర్మం మీ డాక్టరుకు తెలుసు, మచ్చలు పెరిగాయా తగ్గాయా అన్నది ఫొటోలలో పోల్చి చూడవచ్చు. ఇబ్బంది మచ్చల దగ్గర కాదు, కంటికి కనిపించని కాలేయం, రక్తకణాల దగ్గర ఉంది. ఈ మందు వాడేవారు రెండు మూడు నెలలకొకసారి రక్త పరీక్ష, లివర్ పరీక్ష చేయించుకోవాలి. మీరు ఇన్నాళ్లుగా డాక్టరును కలవలేదంటున్నారు, ఆ పరీక్షలు కూడా జరిగి ఉండవని అనుకుంటున్నాను. ఈ వారమే దగ్గరలోని ల్యాబులో చేయించి, ఆ కాగితాల ఫొటోలు మీ డాక్టరుకు పంపి, ఆయన చెప్పాకే తర్వాతి మోతాదు వేసుకోండి.

ఈ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలని మీకు తెలిసే ఉంటుంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవారు ఉన్నారు. వారంలో ఏ రోజున వేసుకుంటారో క్యాలెండర్ మీద గుండ్రం చుట్టండి. జ్వరం వచ్చినా, నోరు పూసినా మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. కల్లు, మద్యం పూర్తిగా మానాలి. ఈత కల్లు చల్లదనం చేస్తుందన్న నమ్మకం ఈ మందు వాడేవారికి వర్తించదు. సోరియాసిస్ గానీ ఈ మాత్ర గానీ కరోనా టీకాకు అడ్డు కావు, నిరభ్యంతరంగా వేయించుకోండి.

ప్రశ్న: నేను హన్మకొండలో డిగ్రీ చదువుతున్నాను. చెప్పుకోలేని చోట పొక్కులు వచ్చాయి. ఇంట్లో అందరికీ ఒకటే ఫోన్. ఫొటో తీయాలంటే భయంగా ఉంది. తీయకుండా వైద్యం దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది తల్లీ. ఫొటో పంపమని ఏ డాక్టరూ మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. ముందు మాటల్లో చెప్పండి: ఎన్ని రోజులైంది, నొప్పా దురదా, నీటి పొక్కులా గట్టి గడ్డలా, జ్వరం ఉందా, షేవింగ్ తర్వాత వచ్చాయా. చాలాసార్లు ఆ మాటలతోనే సగం తెలుస్తుంది. మహిళా డాక్టరు కావాలని అడగడం మీ హక్కు. ఫొటో తప్పనిసరి అయితే ముఖం గానీ, గుర్తుపట్టగల నగ, గది, దుస్తులు గానీ పడకుండా తీసి, పంపాక గ్యాలరీలోనూ, తొలగించిన ఫొటోల పెట్టెలోనూ, గూగుల్ ఫొటోస్‌లోనూ తీసేయండి. ఆ ఫొటోను, మీ సంభాషణను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత ఆస్పత్రిలో ఉన్నట్టే ఫోన్‌లోనూ డాక్టరుకు ఉంటుంది. అయినా మీ పరిస్థితిలో, ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో, నేరుగా వెళ్లి చూపించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మీరు ఊళ్లోనే ఉన్నారు కనుక దూరం సమస్య లేదు.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో పని చేస్తారు. రోజంతా సానిటైజర్, రబ్బరు గ్లౌజులతో చేతులు పగిలిపోయాయి. మీరు మందు రాసి పంపుతారా? (జగిత్యాల)

జవాబు: మన మార్గదర్శకాలు భారతదేశంలో ఉన్న రోగులకే వర్తిస్తాయి, కాబట్టి అక్కడివారికి నేను చీటీ రాయలేను, ఆయన అక్కడి డాక్టరునే కలవాలి. అంతదాకా మందు కాని జాగ్రత్తలు చెప్పగలను. నీళ్లు ఉన్నచోట సబ్బుతో కడుక్కుని, లేనిచోటే సానిటైజర్ వాడాలి. కడిగిన ప్రతిసారీ చేతులు అద్దినట్టు తుడిచి వ్యాజ్‌లైన్ రాయాలి. రబ్బరు గ్లౌజుల లోపల పలుచని నూలు గ్లౌజులు వేసుకుని, అవి చెమటకు తడిస్తే మార్చుకోవాలి.

ప్రశ్న: డిచ్‌పల్లి మండలం నుంచి. నేను బీడీలు చుడతాను. మోచేయి కింద పాలిపోయిన మచ్చ ఉంది, దురద లేదు. ఫోన్‌లో చూసిన ఒక డాక్టరు సిబ్బెం అని క్రీము రాశారు. రెండు నెలలైనా తగ్గలేదు. మొన్న పొయ్యి దగ్గర ఆ చోట కాలితే నాకు తెలియనే లేదు. ఇంకో క్రీము చెప్పండి.

జవాబు: క్రీము చెప్పను తల్లీ. మీ ఉత్తరంలో చివరి నుంచి రెండో వాక్యం చదివాక ఫొటో అడగవలసిన అవసరం కూడా నాకు కనిపించలేదు. సిబ్బెం మచ్చ, ఈ మచ్చ ఫొటోలో ఒకేలా కనిపించవచ్చు, అందుకే ఆ డాక్టరును నేను తప్పుపట్టను. కాకపోతే స్పర్శ ఉందా అని అడిగి ఉండవలసింది. కళ్లు మూసుకోమని దూది పోగుతో మచ్చ మీద తాకి చూడాలి, మోచేయి వెనక నరం లావెక్కిందా అని వేలితో తడమాలి. ఈ రెండూ ఫోన్‌లో జరిగేవి కావు. స్పర్శ లేని మచ్చ అంటే కుష్ఠువ్యాధి అని ముందుగా అనుమానించాలి.

ఆ పేరు వినగానే భయపడకండి. మీ డిచ్‌పల్లిలోనే 1915లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు ఈ రోగుల కోసం ఆస్పత్రి నెలకొల్పారు. అప్పట్లో వారికి చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లే దిక్కు. ఇప్పుడు మాత్రల డబ్బా ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితంగా ఇస్తారు. మచ్చలు ఐదు దాకా ఉంటే ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువ ఉంటే పన్నెండు నెలలు వాడాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. వేరే గదిలో ఉండవలసిన పని గానీ, పిల్లలకు దూరంగా ఉండవలసిన పని గానీ లేదు. ఆలస్యం చేస్తే మాత్రం వేళ్లు వంకరపోయి, బీడీ చుట్టే పనికే ఎసరు వస్తుంది.

మీ ఊరి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. అక్కడ అందరూ వేరే పనుల హడావుడిలో ఉంటే, మచ్చ అంటే తర్వాత రమ్మనవచ్చు. అందుకే మచ్చ సంగతి తర్వాత చెబుదురు గానీ, ముందుగా కాలినా తెలియలేదన్న మాటే చెప్పండి.