ముందు లారీ నడపడం చేతికి రావాలి, తర్వాతే హెవీ లైసెన్స్

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 21 ఏళ్లు. ఇంటర్ మధ్యలో మానేశాడు. కారు లైసెన్స్ వచ్చి రెండేళ్లయింది. పికప్ బండి మీద అంబాజీపేటకు కొబ్బరికాయలు తోలుతున్నాడు. ఇప్పుడు లారీ ఎక్కుతానంటున్నాడు. టెస్టుకు వెళ్లక్కర్లేకుండా హెవీ లైసెన్స్ చేయించి పెడతానని ఒకాయన డబ్బు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండమ్మా. కార్డు చేతికొచ్చినా లారీ నడపడం రాదుగా.

ముందు ఒక మాట. లోడుతో కలిపి 7,500 కిలోలు దాటని బండికి కారు లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పికప్ తోలడానికి అబ్బాయికి ఇప్పుడున్నది సరిపోతుంది, టెన్షన్ పడకండి. అంతకు మించిన లారీకే లైసెన్స్‌లో ట్రాన్స్‌పోర్ట్ క్లాసు కలపాలి, మీరు హెవీ అంటున్నది అదే. దానికి 20 ఏళ్లు నిండాలి, కారు లైసెన్స్ తీసుకుని ఏడాది గడవాలి. మీవాడికి రెండూ ఉన్నాయి. చదువు ఆగిపోయిందని బెంగ వద్దు. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనను 2019లోనే తీసేశారు.

రవాణా శాఖ వెబ్‌సైట్ సారథి పోర్టల్‌లో దరఖాస్తు చేసి ముందు ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్స్ తీసుకోవాలి. డాక్టరు సర్టిఫికెట్, శిక్షణ పూర్తయిందని డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 కావాలి. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు పనిచేస్తుంది. నెల దాటాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు టెస్టు. లైసెన్స్ వచ్చాక అయిదేళ్లకోసారి రెన్యువల్.

కాగితాల పని అంతే. అసలు పని ఆ నెలా రెండు నెలల్లోనే ఉంది. పికప్ బాగా తోలేవాళ్లకే లారీ మీద ధీమా ఎక్కువ, నాకు భయం కూడా వాళ్లతోనే. లారీకి గాలి బ్రేకులు. పొద్దున్నే స్టార్ట్ చేసి, మీటర్‌లో గాలి నిండేదాకా ఆగకుండా కదిలితే బ్రేకు పట్టదు. మలుపులో ముందు చక్రాలు తిరిగినంత వెడల్పుగా వెనక చక్రాలు తిరగవు, లోపలికి కోసుకొస్తాయి. మన కాలవ గట్ల మీద ఇది ప్రాణం మీదికి తెస్తుంది. వానాకాలంలో ఎదురు బస్సుకు దారివ్వబోయి మార్జిన్‌లోకి దిగితే, నానిన గట్టు లోడు లారీని ఆపదు. అందుకే ఎల్ బోర్డు పెట్టి, పక్కన హెవీ లైసెన్స్ ఉన్న సీనియర్‌ని కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలి. ఖాళీ బండి మీద కొన్నాళ్లు, లోడు మీద కొన్నాళ్లు.

తాటిపాక వైపు చమురు ట్యాంకర్లు చూసి ఆశపడుతున్నాడేమో. ప్రమాదకర సరుకు తోలాలంటే ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ మీద మూడు రోజుల ప్రత్యేక శిక్షణ, దాని ఎంట్రీ ఉండాలి. తెలుగుతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. ఇంటర్ దాకా చదివిన కుర్రాడికి అది కష్టమేం కాదు, కానీ రెండేళ్లు లారీ మీద నలిగాకే ఆ ఆలోచన.

క్లాసు లేకుండా లారీ ఎక్కి ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ బాధితులకు కట్టిన పరిహారాన్ని ఓనరు దగ్గర రాబట్టుకునే వీలుంది. కాబట్టి ‘ముందు ఎక్కు, లైసెన్స్ తర్వాత చూద్దాం’ అనే ఓనరు దగ్గరికి పంపకండి. చేపల లోడు అయితే ఇంకో సంగతి అడగండి. ఐసు కరిగేలోగా చేరాలని డ్రైవర్‌ని తరుముతారు. ఆకివీడు నుంచి హౌరా దాకా బండి మీద ఇద్దరు డ్రైవర్లను పంపుతారా, ఒక్కడినేనా? జీతం సంగతి ఆ తర్వాత మాట్లాడండి.