టెక్ సందేహాలు: నడుముకు మోటారు కట్టే ముందు

ప్రశ్న: సార్, మా నాన్నకు 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నారు. నడుముకు, తొడలకు కట్టుకునే రోబో యంత్రాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి. కొనమంటారా?
– కొర్లగుంట, తిరుపతి

ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంది. చైనాలో తైషాన్ కొండ మెట్ల దగ్గర 2025లో వీటిని అద్దెకివ్వడం మొదలుపెట్టారు. ఆ రీల్స్ చూసినవాళ్ళందరికీ మన 3,550 మెట్లే గుర్తొస్తున్నట్టున్నాయి.

ఇలా ఒంటికి కట్టుకునే యంత్రాలను ఎగ్జోస్కెలిటన్లు అంటారు. వాటిలో తేలికరకం, అంటే రెండు కిలోల లోపువి, తుంటి దగ్గర మోటార్లు పెట్టి తొడను పైకి లేపుతాయి. అంతే. మోకాలి మీది బరువును అవి మోయవు. మెట్లెక్కేటప్పుడు మోకాలి కీలు మీద ఒంటి బరువుకు సుమారు మూడు రెట్లు పడుతుంది, దిగేటప్పుడు ఇంకాస్త ఎక్కువే. నాన్నగారికి ఆయాసం తగ్గొచ్చు, నొప్పి సంగతి వేరు. పైగా సెన్సర్లు నడక లయను పట్టుకుని ఊతమిస్తాయి. మెట్టుమెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెట్టుకుంటూ పోయే మనిషి లయ వాటికెలా అందుతుంది? గాలి గోపురం దాటాక చార్జింగ్ అయిపోతే ఆ బరువు కూడా ఆయనే మోయాలి. ముందు ఎముకల డాక్టరుకు చూపించండి.

నా అసలు టెన్షన్ ఈ యంత్రాలను ఫోన్ యాప్‌తో జతచేసే బ్లూటూత్ గురించి. 2025 సెప్టెంబరులో పరిశోధకులు ఒక పేరున్న కంపెనీ రోబో కుక్కల్లో, మనిషి ఆకారపు రోబోల్లో లోపం బయటపెట్టారు. వైఫై సెట్ చేసుకోవడానికి ఇచ్చిన బ్లూటూత్ దారికి అన్ని యంత్రాల్లోనూ ఒకే తాళంచెవి, అదీ సాఫ్ట్‌వేర్‌లోనే రాసిపెట్టి ఉంది. దగ్గర్లో నిలబడ్డవాడు రోబోను మొత్తంగా తన చేతిలోకి తీసుకోవచ్చు. అలా చిక్కిన రోబో పక్కనున్న రోబోకూ ఆ జబ్బు అంటించగలదు. కాలనీలో ఇళ్ళన్నిటికీ ఒకటే తాళం బిగించి, చెవిని గుమ్మానికి వేలాడదీసినట్టు! కట్టుకునే యంత్రాల మీద ఇలాంటి దాడి జరిగిందని నేననడం లేదు. కానీ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిని తయారుచేసేవాళ్ళు ఇంతకంటే జాగ్రత్తపరులని నమ్మడం కష్టం. మెట్టు మీద ఒంటికాలిపై ఉన్న మనిషి తొడను అప్పుడే ఎవడో లాగితే?

కొన్నా, అద్దెకు తెచ్చినా ఒక పరీక్ష చేయండి. మీ ఫోన్‌లో బ్లూటూత్ ఆపేసి, ఇంకొకరి ఫోన్‌లో అదే యాప్ వేసి జత చేయమనండి. యంత్రం మీద బటన్ నొక్కకుండా, పిన్ అడక్కుండా జత అయిపోతే వెనక్కి పంపేయండి. తర్వాత అప్‌డేట్‌లో సరిచేస్తామంటారు, వినకండి.

ప్రశ్న: ఇల్లు ఊడ్చే రోబో కెమెరా ఉన్నది కొనాలా, లేనిది కొనాలా?
– పలమనేరు

లేనిది. లేజర్‌తో గది కొలుచుకునేవి చాలు. గడపలు ఎత్తుగా ఉన్న ఇంట్లో అసలు రోబోయే వద్దు.

ప్రశ్న: పాపకు మాట్లాడే రోబో బొమ్మ కొన్నాం. యాప్ లొకేషన్, కాంటాక్ట్స్, మైక్ అన్నీ అడుగుతోంది. ఇవ్వొచ్చా?
– చిత్తూరు

కాంటాక్ట్స్ ఇవ్వొద్దు. బొమ్మకు మీ బంధువుల నంబర్లతో పనేంటి? లొకేషన్ విషయంలో చిన్న మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 11, అంతకు పాత ఫోన్లలో బ్లూటూత్ వస్తువును వెతకాలంటే ఆ అనుమతి కావాల్సిందే. 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది, అయినా లొకేషన్ అడుగుతోందంటే బద్ధకమో, దురాశో. మైక్ బొమ్మలో ఉంటే ఫోన్ మైక్ ఎందుకో కూడా అడగండి.

మీరు అడగలేదు గానీ, ఆ బొమ్మ ఎన్నాళ్ళు మాట్లాడుతుందో చూసుకున్నారా? 2024 చివర్లో అమెరికాలో 799 డాలర్ల పిల్లల రోబో చేసిన కంపెనీ, డబ్బుల్లేక దాన్ని మాట్లాడించే సర్వర్లు (ఇంటర్నెట్‌లో ఉండే కంపెనీ కంప్యూటర్లు) మూసేస్తున్నామని చెప్పేసింది. మీ నేస్తం ఇక మాట్లాడదని పిల్లలకు నచ్చజెప్పే పని తల్లిదండ్రుల మీద పడింది. అదే ఏడాది అక్కడే, నడుము కింద చచ్చుబడిన ఒక మాజీ జాకీ (గుర్రప్పందేల రౌతు) లక్ష డాలర్ల ఎగ్జోస్కెలిటన్‌తో నడుస్తుంటే, దాన్ని నడిపే వాచీలో చిన్న వైరు పాడైంది. ఐదేళ్ళు దాటిందని కంపెనీ రిపేరుకు ఒప్పుకోలేదు. వార్తల్లోకెక్కాక గానీ కదల్లేదు. కాళ్ళుగా మారిన యంత్రానికి ఐదేళ్ళ గడువేంటి? పాత గ్రైండరుకు మన బజారులో ఇప్పటికీ విడిభాగం దొరుకుతుంది. యంత్రం ఎంత ఖరీదైతే రిపేరు అంత దూరం.

మీ బొమ్మకు వాపసు గడువు మిగిలి ఉంటే ఈ రాత్రే ఇంట్లో వైఫై ఆపి, పాపను ఆడుకోనివ్వండి. అప్పుడు అది ఏం చేయగలదో, మీరు డబ్బిచ్చి కొన్నది అంతే.