ఆరు నెలలు టోక్యో వెళ్లమంటున్నారు, పాపను వదిలి వెళ్లనా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది తెనాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రాజెక్టు పని మీద ఆరు నెలలు టోక్యో వెళ్లమని మా ఆఫీసులో అడుగుతున్నారు. మా పాపకు నాలుగేళ్లు. మావారికి ఇక్కడే ఉద్యోగం, నాతో రాలేరు. మా అత్తయ్య గారు పాపను నేను చూసుకుంటానన్నారు. చుట్టాలు మాత్రం "పసిదాన్ని వదిలి అంత దూరం ఎందుకమ్మా" అని ఎప్పుడు కలిసినా అంటున్నారు. నేను విమానం ఎక్కింది ఒక్కసారే, అదీ ఢిల్లీకి. పైగా శాకాహారిని. వెళ్లాలని ఉంది, రాత్రుళ్లు నిద్రపట్టనంత టెన్షన్‌గానూ ఉంది. మీరు జపాన్‌లో పనిచేశారని ఈ శీర్షికలోనే చదివాను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: వెళ్లండమ్మా. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఇంట్లో నాయనమ్మ ఉన్నారు, నాన్న ఉన్నారు, మీకూ వెళ్లాలని ఉంది. ఈ మూడూ ఒకేసారి కుదరడం తేలిక కాదు. చుట్టాలు ప్రేమ కొద్దీ అంటున్నారనే అనుకుందాం. కానీ నిర్ణయం మీ నలుగురిది.

నేను 2017 ఏప్రిల్‌లో వెళ్లాను. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. బయల్దేరే ముందు రోజు అదీ, నేనూ, మా అత్తయ్యా కూర్చుని ఒక గాజు సీసాలో 180 చింతగింజలు లెక్కపెట్టి వేశాం. రోజుకొకటి తీయాలి, సీసా ఖాళీ అయిన రోజున అమ్మ వచ్చేస్తుంది అని చెప్పాను. రోజూ వీడియో కాల్‌లో గింజను కెమెరాకు ఆనించి చూపించి, పక్కన గిన్నెలో వేసేది. గిన్నెలో టక్‌మని చప్పుడయితే గానీ ఫోన్ పెట్టనిచ్చేది కాదు. సీసాలో ఇంక పదకొండు గింజలున్నాయనగా, క్లయింటు వాళ్లు నన్ను మరో నాలుగు వారాలు ఉంచమన్నారు. మా కంపెనీ నన్ను అడక్కుండానే సరే అనేసింది. మా అత్తయ్య ఏం చేయాలో తోచక, అది నిద్రపోయాక ఇంకో 28 గింజలు సీసాలో కలిపేశారు. పొద్దున్నే అది సీసా వంక చూసి ఏమీ అనలేదట. ఆ సాయంత్రం గింజ తీయలేదు. నాతో మాట్లాడటానికి కూడా రాలేదు. అలా నాలుగు రోజులు. ఐదో రోజు వచ్చి, "ఇంకెన్ని కలుపుతారు?" అని అడిగింది. ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నా చెవిలో ఉంది.

అందుకే చెబుతున్నాను, తిరుగు టికెట్టు ఖాయమయ్యేదాకా పాపకు తేదీ చెప్పకండి. "రోజూ నువ్వు బడి నుంచి వచ్చి పాలు తాగాక అమ్మ ఫోన్ చేస్తుంది" అన్న మాట ఇవ్వండి, దాన్ని ఒక్కరోజు కూడా తప్పకండి. టోక్యో మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. పాప నిద్రపోయే తొమ్మిదింటికి మీకు అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, రోజూ మేలుకుని ఉండలేరు. ఇక్కడ సాయంత్రం నాలుగున్నర అయితే అక్కడ ఎనిమిది. నాకు కుదిరింది ఆ వేళే. ఎనిమిదింటికి ఇంటికి చేరలేని రోజున స్టేషన్ బయట నిలబడి అయినా చేసేదాన్ని. రైల్లో మాత్రం ఫోన్ మాట్లాడకండి, అక్కడ అది పెద్ద తప్పు కింద లెక్క.

ఇక ఆఫీసు సంగతి. ఆరు నెలలని నోటితో చెప్పింది కాగితం మీద ఉండాలి. పొడిగించాలంటే మీ ఒప్పుకోలు కావాలని, ఎన్ని వారాల ముందు చెప్పాలో, మధ్యలో ఒకసారి ఇంటికి రావడానికి టికెట్టు ఎవరు పెట్టుకుంటారో, అన్నీ మీ అసైన్‌మెంట్ లెటర్‌లో రాయించుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని నేను ఊరుకున్నాను. నేను ఊరుకున్నందుకు ఆ గింజలు కలపాల్సి వచ్చింది. మీరు అడగండి.

వీసాకు ముందు జపాన్ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ, అంటే అక్కడ ఉండటానికి మీకు అర్హత ఉందని చెప్పే కాగితం, వస్తుంది. ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి వచ్చాక ఆలస్యం చేయొద్దు. నరితాలో గానీ హనేదాలో గానీ దిగగానే ఇమిగ్రేషన్ దగ్గరే రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు. ఇల్లు కుదిరాక 14 రోజుల్లోపు ఆ వార్డు ఆఫీసుకు వెళ్లి అడ్రసు రాయించుకోవాలి. ఆ కార్డు ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి.

ఇంటి విషయంలో నా అనుభవం కాస్త వివరంగా చెబుతాను. మొదట నన్ను వీక్లీ మాన్షన్‌లో, అంటే వారాల లెక్కన అద్దెకిచ్చే చోట, పెట్టారు. అక్కడ మాన్షన్ అంటే భవనం కాదు, అపార్టుమెంటు. మంచం దిగితే స్టవ్, స్టవ్ పక్కన తలుపు. ఎలాగూ ఆరు నెలలే కదా అని రెండు నెలలు సూట్‌కేసులోంచే బట్టలు తీసి కట్టుకున్నాను. గోడకు క్యాలెండర్ లేదు, ఇంట్లో రెండో గ్లాసు లేదు. ఆఫీసు నుంచి వచ్చి బ్రెడ్డు తిని పడుకునేదాన్ని. ఆ రెండు నెలల్లో ఏడ్చినంత మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. జూన్‌లో వానలు మొదలయ్యాక, ఆఫీసులో ఒక తెలుగమ్మాయి చెప్పగా టోక్యోలోనే నిషి-కసాయ్ అనే చోటికి మారాను. మారిన రోజునే రైస్ కుక్కర్ కొన్నాను, రెండు కంచాలు, నాలుగు గ్లాసులు కొన్నాను, కిటికీ దగ్గర తులసి పెట్టలేక పుదీనా కుండీ పెట్టాను. ఆ ఆదివారం ఆ అమ్మాయి వస్తే పప్పు, అన్నం పెట్టాను. ఆ రోజు నుంచి నిద్ర పట్టింది. ఆరు నెలలైనా సరే, కాపురం పెట్టినట్టే పెట్టుకోండమ్మా.

నిషి-కసాయ్ ఎదొగావా వార్డులో ఉంది. 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్య, అదే వై2కే, కోసం వచ్చిన మన ఇంజనీర్లు అక్కడ స్థిరపడటంతో మనవాళ్లు పెరిగారు. సోనామసూరి, కందిపప్పు, చింతపండు అక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. ఒతెమాచి లాంటి ఆఫీసు ప్రాంతాలకు తోజాయ్ మెట్రో రైలు లైనులో నేరుగా వెళ్లొచ్చు. పొద్దున ఆ లైను మాత్రం కిక్కిరిసి ఉంటుంది. బ్యాగు వీపున కాకుండా ముందుకు వేసుకోవాలి. ఆ వేళల్లో ఆడవాళ్లకు విడిగా పెట్టె ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద గులాబీ రంగు గుర్తులు చూసుకుని అక్కడ నిలబడండి.

వంట గురించి రెండు సంగతులు ఎవరూ ముందు చెప్పరు. నేను అమ్మ ఇచ్చిన అల్యూమినియం కుక్కర్ మోసుకెళ్లాను. ఆ వీక్లీ మాన్షన్‌లో ఉన్నది ఇండక్షన్ స్టవ్. కుక్కర్ పెట్టగానే కుయ్‌కుయ్‌మని అరిచి ఆగిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. అడుగుకు అయస్కాంతం అతుక్కునే గిన్నెలే పనికొస్తాయి. ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం ఉంటుంది కదా, అది తీసి ఇంట్లోనే పరీక్ష చేసుకుని సర్దుకోండి. మిక్సీ అసలు తీసుకెళ్లొద్దు. అక్కడ కరెంటు 100 వోల్టులే, మన మిక్సీ సరిగా తిరగదు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు మామూలుగా పనిచేస్తాయి, బల్లపరుపు రెండు పిన్నుల అడాప్టర్ ఉంటే చాలు. పొడులు మాత్రం ఇక్కడే కొట్టించుకుని వెళ్లండి.

శాకాహారి అన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. నేనూ శాకాహారినే. మొదటి వారం ఒక ఉడాన్ (పులుసులో వేసిచ్చే లావు నూడుల్స్) హోటల్లో "మాంసం వద్దు" అని చెప్పించుకుని, రోజూ అదే తిన్నాను. పదో రోజున మా టీం లీడరు ఆ పులుసు 'దాషి'తో కాస్తారని, దాషిని చాలావరకు ఎండబెట్టిన కట్సువో చేపతో చేస్తారని, బాధపడుతూ చెప్పారు. అక్కడివాళ్ల లెక్కలో మాంసం వేరు, చేప వేరు. మిసో సూపులోనూ అంతే. మాంసం, చేప, చేప పులుసు, గుడ్డు, వీటిలో ఏవి వద్దో ఒక్కొక్కటీ జపనీస్‌లో రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి, చూపించండి. చూపిస్తే వాళ్లు లోపలికెళ్లి వంటవాణ్ణి అడిగి వచ్చి మరీ చెబుతారు. కుదరకపోతే కుదరదనీ చెబుతారు, మనల్ని మోసం చేయరు.

భూకంపాల గురించి మీరు అడగలేదు, వెళ్లాక మాత్రం భయపడతారు. ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగుతాయి. ఆఫీసులో అందరూ ఏం చేస్తే మీరూ అదే చేయండి. మంచం పక్కన చెప్పులు, టార్చి, నీళ్ల సీసా పెట్టుకుని పడుకోండి.

తిరిగొచ్చిన రోజు సంగతి కూడా చెప్పాలి. శంషాబాద్‌లో మా అమ్మాయి నన్ను చూసి నాయనమ్మ కొంగు వెనక్కి వెళ్లింది. రెండు రోజులు అన్నం కూడా ఆవిడ చేతే తింది. మీ పాపా అలా చేస్తే కంగారుపడి లాక్కోకండి, దాని పక్కన ఊరికే కూర్చోండి. మా అమ్మాయి మూడో రోజు రాత్రి తన దిండు తెచ్చుకుని నా పక్కన పడుకుంది.

ప్రశ్న: మేడమ్, నన్నూ కంపెనీ ఆరు నెలలు టోక్యో పంపుతోంది. జీతం ఇక్కడే వేస్తారట, అక్కడ ఖర్చులకు అలవెన్సు ఇస్తారట. పీఎఫ్, పన్ను ఏమవుతాయి? ఎవర్ని అడిగినా ఒక్కో రకంగా చెబుతున్నారు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బాబూ, పీఎఫ్ సంగతి తేలికే. మన దేశానికీ జపాన్‌కూ సామాజిక భద్రత ఒప్పందం 2016 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. మీ కంపెనీ ద్వారా ఈపీఎఫ్‌ఓ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్ తీసుకుంటే, ఇక్కడి పీఎఫ్ కొనసాగుతుంది, అక్కడి పింఛను పథకానికి మళ్లీ కట్టక్కర్లేదు. బయల్దేరేముందే తీసుకోండి. ఆరోగ్య బీమా మాత్రం ఇందులోకి రాదు. మూడు నెలలకు మించి ఉండేవాళ్లు అక్కడ బీమాలో చేరాలి, చేరితే మామూలుగా బిల్లులో 30 శాతం మనం కట్టుకుంటే సరిపోతుంది. ఆ ప్రీమియం కంపెనీదా, మీదా అన్నది ఇప్పుడే అడగండి.

పన్ను దగ్గర తేదీలు ముఖ్యం. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు గానీ అంతకుమించి గానీ ఇక్కడ ఉంటే మీరు ఇక్కడి నివాసి కిందే లెక్క, అప్పుడు అక్కడి ఆదాయం కూడా సాధారణంగా ఇక్కడి రిటర్నులో చూపించాలి. అక్కడ పన్ను కట్టి ఉంటే, రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం అది మినహాయించుకోవచ్చు. కాబట్టి విమానం ఎక్కిన తేదీ, దిగిన తేదీ, బోర్డింగ్ పాసులు దాచుకోండి. అక్కడ పన్ను పడితే ఎవరు కడతారో కంపెనీ చేత మెయిల్ పెట్టించుకోండి. ఈ విషయంలో మీ మేనేజర్ మాట చాలదు, హెచ్‌ఆర్ నుంచి రావాలి.

సొంతంగా ఇల్లు అద్దెకు తీసుకుందామనుకుంటే వద్దంటాను. డిపాజిట్ కాక, 'రెయికిన్' అని ఇంటాయనకు ఇచ్చే సొమ్ము చాలా ఇళ్లకు అడుగుతారు, అది తిరిగి రాదు. ఆరు నెలలకు మంత్లీ మాన్షనే, అంటే నెలల లెక్కన అద్దెకిచ్చే అపార్టుమెంటే, మేలు. బ్యాంకు ఖాతా తెరవడానికీ కొత్తగా వచ్చినవాళ్లకు చాలాచోట్ల ఇబ్బందే, మొదటి నెల గడిచేలా యెన్‌లు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి వచ్చే నెల జపాన్ వెళ్తున్నాడు. థైరాయిడ్ మాత్రలు ఆరు నెలలకు కొని ఇచ్చేద్దామా? నాటుకోడి పచ్చడి, కరివేపాకు కూడా పెడదామని వాళ్లమ్మ అంటోంది.
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అయ్యా, డాక్టరు చీటీ మీద వాడే మందులు ఒక నెలకు సరిపడా అయితే అనుమతి కాగితం లేకుండా తీసుకెళ్లొచ్చు. అంతకు మించితే 'యున్యు కకునిన్‌షో' అనే దిగుమతి ధ్రువీకరణ జపాన్ ఆరోగ్య శాఖ నుంచి ముందుగానే తీసుకోవాలి. ఆన్‌లైన్లో చేసుకోవచ్చు, వచ్చే నెల ప్రయాణం అంటున్నారు కాబట్టి ఇవాళే మొదలుపెట్టమనండి. చీటీ ఇంగ్లిష్‌లో, మందు అసలు పేరుతో ఉండాలి. జలుబు, దగ్గు మందులు ఇంట్లో ఉన్నవి ఉన్నట్టు సర్దకండి. సూడోఎఫెడ్రిన్, కోడీన్ ఉన్న మందులపై అక్కడ గట్టి ఆంక్షలున్నాయి.

కోడి, మాంసం పచ్చళ్లు ససేమిరా వద్దు, కుక్కల చేత వాసన పట్టించి ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు, కేసు కూడా కావచ్చు. పచ్చి కరివేపాకు కూడా ఇక్కడి నుంచి పట్టుకెళ్లకూడదు. ఆవకాయ, గోంగూర పచ్చళ్లు పెట్టమనండి వాళ్లమ్మ గారిని. నూనె కారకుండా రెండు కవర్లలో మూట కట్టి, పెద్ద పెట్టెలోనే వేయాలి, చేతి బ్యాగులో కాదు.